పిడికిలంత వదులు

ఆదివారం సాయంత్రం సూదమ్మ పిల్ల సంచి విప్పేసరికి, మాసిన గౌన్ల కింద తను కుట్టి పంపిన కారు సీటు కవరు కనిపించింది. నాలుగు మడతలు పెట్టి, అంచుకు అంచు కలిపి, మీద కుట్టిన పిచ్చుక బొమ్మ నలగకుండా పైకి వచ్చేలా సర్ది మరీ పంపారు. ఉండచుట్టి కుక్కేసినా ఆమెకు అంత మంట పుట్టేది కాదు. విసిరికొట్టిన వాళ్లతో తగువు పెట్టుకోవచ్చు. మడతపెట్టి పంపిన వాళ్లతో ఏమని పెట్టుకుంటాం?

"ఇదెందుకొచ్చిందే ఇంటికి?"

"పిన్ని తీసేసింది," అంది పిచ్చుక, చెప్పులు ఒకటి అటూ ఒకటి ఇటూ విసిరేస్తూ. "చాలా బాగుంది అని మీ అమ్మకి చెప్పు అంది."

"బాగుంటే తీయడం దేనికట?"

"ఏమో. నాకు ఆకలి."

పిన్నిట, పిన్ని! అయిదు నెలల కిందట ముక్కూ ముఖమూ తెలియని మనిషికి ఎంత తొందరగా వరస కుదిరిందో! అన్నం కలుపుతున్నంతసేపూ సూదమ్మ చూపు ఆ మడతల మీదే ఉంది.

సూదమ్మ అన్నది అసలు పేరు కాదు. కార్ల సీట్లకు కవర్లు కుట్టే షెడ్డులో ఆమె పనిచేస్తుంది. చేతిలో సూది, నోట్లోనూ సూదే అని అక్కడి మాస్టరు పెట్టిన పేరు. పిల్లదీ అంతే, పుట్టినప్పుడు రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత ఉందని పిచ్చుక అయింది. ఇప్పుడు నాలుగేళ్లు. పిల్ల తండ్రి దుకాణాలకు బ్రెడ్డు వేసే వ్యాను డ్రైవరు. మొగుడూ పెళ్లాలు విడిపోయి రెండేళ్లయింది, విడాకుల కాగితం చేతికొచ్చి ఏడాది. అప్పటిదాకా "ఏమండీ" అన్న మనిషిని ఇప్పుడు "నువ్వు" అంటోంది. ఆ కాగితం వల్ల తనకు మిగిలిన లాభం అదొక్కటేనని ఆమె తమ్ముడితో అంటుంటుంది. పిల్ల తల్లి దగ్గరే, శని ఆదివారాలు మాత్రం తండ్రి దగ్గర.

అతను మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. కొత్తావిడ కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగిస్తుంది. సూదమ్మ ఆమెకు కళ్లజోడు అని పేరు పెట్టుకుంది. ఎదురుగా ఎప్పుడూ అనలేదు లెండి. మనసులో మాత్రం రోజుకు నలభైసార్లు అనుకునేది.

అసలు మంట కవరుది కాదు. ఆ కవరు కింది సీటుది.

పిచ్చుక పుట్టిన ఏడాదే డ్రైవరు పాత కారొకటి కొన్నాడు. ఆ రోజు నుంచి సూదమ్మది ఒకటే పోరు, పిల్లకు బెల్టులున్న చిన్న సీటు కొనమని. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. గుద్దుకున్న బండ్లు కూడా షెడ్డుకు వస్తాయి, చిరిగిన సీట్లు మళ్లీ కుట్టించుకోవడానికి. ఒకసారి అలాంటి బండిలో ముందు సీటు విప్పుతుంటే సందులోంచి చిన్న సాక్సు ఒకటి బయటపడింది, తన బొటనవేలంత. ఎవరిది, ఏమైంది అని అడగబోతే మాస్టరు తల అడ్డంగా ఊపాడు. ఆ రాత్రి నుంచి పిల్ల కారెక్కితే చాలు, అది తిరిగొచ్చేదాకా సూదమ్మ వాకిట్లోనే నిలబడేది.

డ్రైవరు నవ్వేవాడు. "పదేళ్లుగా స్టీరింగు పట్టుకుంటున్నా. ఒక్క గీత పడిందా? మనమంతా సీట్లలో కట్టేస్తే పెరిగామా?" చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు రెండేళ్లు ఊదింది. సీటు రాలేదు, కాపురం ఉండలేదు.

ఆ కొత్త పెళ్లయిన రెండో వారమే కారు వెనక సీటులో పిల్లల సీటు వెలిసింది! నల్లగా, నిగనిగలాడుతూ, భుజాల మీదుగా రెండు, నడుముకు రెండు, కాళ్ల మధ్య ఒకటి, అయిదు బెల్టులతో. పిల్ల భద్రంగా ఉందని సంతోషించాలి కదా, కన్నతల్లి. సంతోషించింది. ఒక్క క్షణం. ఆ వెంటనే ఒళ్లంతా కారం పూసినట్టయింది. తను రెండేళ్లు అడుక్కున్నది, ఆవిడ ఒక్కసారి నోరు విప్పితే వచ్చేసింది.

అందుకే కవరు కుట్టింది. పిల్లను దింపడానికి వచ్చిన డ్రైవరు ఫోనులో ఉండగా టేపు తీసి అయిదు నిమిషాల్లో కొలతలు పట్టేసింది. లేత పసుపు మెత్తటి గుడ్డ, లోపల రెండు పొరల స్పాంజి, భుజాల బెల్టులకు కూడా లావుపాటి తొడుగులు, నడుమ గోధుమరంగు దారంతో పిచ్చుక బొమ్మ. సీటు ఎవరు తెచ్చినా సరే, పిల్ల వీపు ఆనేది తన కుట్టు మీద ఆనాలి. ఆవిడ బెల్టు పెట్టినప్పుడల్లా ఆ పిచ్చుక ఆవిడ కళ్లల్లో పడాలి.

ఆ కవరే ఇప్పుడు నాలుగు మడతలై తిరిగొచ్చింది.

సోమవారం షెడ్డులో మాస్టరు ఒక బండి ముందు సీటు చూపించాడు. "ఈ పక్క కుట్టు తేలిక దారంతో వెయ్యి. ఎయిర్ బ్యాగు అటునుంచే బయటికొస్తుంది. నీ పనితనం అక్కడ చూపించకు. గుద్దుకున్నప్పుడు ఆ కుట్టు తెగాలి, తెగడమే దాని ఉద్యోగం."

"తెలుసు మాస్టారూ, వంద కుట్టాను."

"తెలిసిన ముఖం అలా ఉండదే. మళ్లీ కళ్లజోడేనా?"

సూదమ్మ సంచిలోంచి కవరు తీసి బల్ల మీద పరిచింది. "చూడండి. ఏం తక్కువైంది దీనికి? కుళ్లుకుని తీసేసింది."

మాస్టరు పిచ్చుక బొమ్మ మీద వేలు నడిపాడు. "ముక్కు బాగా తిప్పావు." తర్వాత బొటనవేలితో నొక్కాడు. "స్పాంజి ఎంత పెట్టావు?"

"కొంచెమే."

"స్పాంజిని నమ్మకమ్మాయ్. ఎవరూ కూర్చోనంతసేపే దాని పొంగు. బరువు పడిందా, చిత్తు."

ఈ మాట ఆయన వచ్చిన ప్రతి బేరానికీ చెప్తాడు, ఖరీదైన రకం అంటగట్టడానికి. అందుకే సూదమ్మ చెవిన పడలేదు. లేక, పడనివ్వలేదో. భోజనాల వేళ బయటికొచ్చి డ్రైవరుకు ఫోను చేసింది.

"కవరెందుకు తీయించావు?"

"హలో అని కూడా అనవా? నేను తీయించలేదు. తనే ఏదో పుస్తకం చూసింది. అలాంటివి వేయకూడదంట."

"తనంటే?"

"తనంటే తనే."

ఆ 'తను' అన్న తీరుకే సూదమ్మకు సగం ప్రాణం పోయింది. ఒకప్పుడు ఆ మాట తన వాటా. "ఓహో. తను చెప్తే వేదం. నేను రెండేళ్లు మొత్తుకుంటే సొద."

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట! కారు లేదు గీరు లేదు, కారు సీటు పెత్తనం మాత్రం నీకు కావాలి. నువ్వు పిల్లని మీ తమ్ముడి స్కూటరు ముందు నిలబెట్టి బడికి పంపించలేదూ? అప్పుడేమైంది నీ భయం?"

"ఆ రోజు బస్సు రాలేదు. ఒక్క రోజు!"

"అయ్యేదేదో ఒక్క రోజే అవుతుందని రెండేళ్లు చెప్పింది నువ్వే కదా."

 సూదమ్మ సూది ఆమెకే గుచ్చుకుంది. గుచ్చుకున్న కొద్దీ మొండితనం పెరిగింది. "విను. శనివారం ఆ కవరు సీటు మీద లేకపోతే పిల్ల కారెక్కదు. ఎవరితో చెప్పుకుంటావో చెప్పుకో."

వారమంతా ఆ మాట మీదే నిలబడింది. మధ్యలో ఒకసారి, పిచ్చుక తలకు నూనె రాస్తూ, ఏమీ పట్టనట్టు అడిగింది. "పిన్ని ఎలా ఉంటుందే?"

"పొడుగ్గా."

"నాకన్నా బాగుంటుందా?"

పిచ్చుక చాలాసేపు ఆలోచించింది. "పిన్ని జేబులో బుల్లి స్క్రూడ్రైవరు ఉంటుంది," అంది చివరికి, అంతకు మించి చెప్పడానికేముంటుంది అన్నట్టు.

శనివారం ఒంటిపూట పని. పిల్లను షెడ్డు గేటు దగ్గరే అప్పగించడం అలవాటు. కారు వచ్చి ఆగింది. డ్రైవరు దిగాడు. అవతలి తలుపు తెరుచుకుని కళ్లజోడు కూడా దిగింది.

సూదమ్మ ఆమెను తల నుంచి కాలి దాకా ఒక్క చూపులో కొలిచేసింది, కొలతలు పట్టడం అలవాటైన మనిషి కదా. పొడుగే. అందగత్తె ఏమీ కాదు. ఆ సంతోషం ఒక లిప్తే నిలిచింది. ఇస్త్రీ నలగని చొక్కా, గీత గీసినట్టు కత్తిరించిన గోళ్లు, నెమ్మదైన నడక. తన గోళ్ల సందుల్లో రెగ్జిను జిగురు. అందగత్తె అయినా బాగుండేది, అందానికి పడిపోయాడులే అని సరిపెట్టుకునేది.

"అక్కా, ఒక్క మాట..." అంది కళ్లజోడు.

"అక్కా? మీకూ నాకూ అక్కా చెల్లీ వరస కుదిరే దారి ఒక్కటే ఉందమ్మా. అది నాకిష్టం లేదు."

లోపల మిషను చప్పుడు ఆగింది. మాస్టరు దారం వెతుక్కుంటున్నట్టు నటిస్తూ గేటు వైపు జరిగాడు.

కళ్లజోడు ముఖం కందింది. అయినా వెనక్కి పోలేదు. "సరేనండీ. కవరు తెచ్చారా?"

"తెచ్చాను. వేస్తారా, పిల్లని వెనక్కి తీసుకుపోనా?"

"వేయండి. మీరే వేయండి. పిల్లని మీరే కూర్చోబెట్టి, మీకు తృప్తిగా ఉండేంత గట్టిగా బెల్టులు లాగండి. తర్వాత నేనొకటి చూపిస్తాను. అది చూశాక కూడా ఉంచమంటే ఉంచుతాను. ఒట్టు."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు. సూదమ్మ కారులోకి వంగి కవరు తొడిగింది. తొడుగుతుంటే గర్వంగా అనిపించింది. ఎక్కడా ముడతలేదు, చర్మంలా పట్టింది. పిచ్చుకను కూర్చోబెట్టి, బకిల్ నొక్కి, పట్టీ లాగింది. ఇంకా లాగింది.

"అమ్మా, గట్టిగా ఉంది!"

"ఉండనీ."

"ఇప్పుడు," అంది కళ్లజోడు అవతలి తలుపు దగ్గర నుంచి, "బెల్టు పొడవు కదపకండి. బకిల్ ఒక్కటీ విప్పి, పిల్లని దింపి, కవరు తీసి, మళ్లీ కూర్చోబెట్టండి."

సూదమ్మ అలాగే చేసింది. మళ్లీ బకిల్ నొక్కింది. నొక్కి, చెయ్యి తీయబోయి, ఆగిపోయింది.

భుజాల మీది బెల్టులు పిల్ల ఒంటికి దూరంగా వేలాడుతున్నాయి. తన చెయ్యి పెట్టి చూసుకుంది. పెట్టింది పిడికిలి. పిల్ల ఎముకకూ బెల్టుకూ మధ్య ఆ పిడికిలి అటునుంచి ఇటు పోయింది. పిచ్చుకకు ఆట అనిపించి, ఆ సందులోంచి ఒక భుజం, రెండో భుజం బయటికి లాగేసుకుని "జారిపోయా!" అని కిలకిలా నవ్వింది.

సూదమ్మ నవ్వలేదు. గట్టిగా బిగించాననుకున్నది పిల్లను కాదు, స్పాంజిని. బరువు పడిందా, చిత్తు. వందసార్లు విన్న మాట. తన చేతులకు తెలిసిన విషయం. ఎయిర్ బ్యాగు కోసం ఏ కుట్టు తెగాలో తెలిసిన మనిషి, సొంత బిడ్డ వీపు వెనక రెండు పొరల స్పాంజి తెచ్చి పెట్టింది. రెండు వారాలు పిల్ల ఆ కవరు మీదే తిరిగింది. ఆ చిన్న సాక్సు కళ్ల ముందు కదిలింది. కారు తలుపు పట్టుకుని నిలబడింది.

"ఈ పుస్తకంలో బొమ్మ ఉంది," అంది కళ్లజోడు మెల్లగా. సీటుతో వచ్చిన చిన్న పుస్తకం. లావుపాటి దిండు మీద అడ్డంగా ఎర్ర గీత. "పిల్లకి చెప్పి పంపితే సరిగ్గా చెప్పలేదనుకుంటా. నేనే ఫోను చేయాల్సింది. భయమేసింది."

"నేనంటేనా?"

"మీ గురించి విన్నవి అలాంటివి."

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా, ఇద్దరూ కూర్చుని..."

సూదమ్మ గిర్రున తిరిగింది. పట్టుకోవడానికి మనిషి దొరికాడు. "నువ్వు మాట్లాడకు! నేను రెండేళ్లు కాళ్లావేళ్లా పడితే రాని సీటు, ఈవిడ నోరు విప్పగానే వచ్చింది. దాని మీద నా చెయ్యి ఒకటి ఉండాలని కుట్టాను. అదీ నా తప్పు. పిల్ల మీద ప్రేమ కాదు, కుళ్లు. చాలా? విన్నావా?"

 కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడింది, నలుగురి ముందూ పడింది.

"ఆయన కొనలేదండీ," అంది కళ్లజోడు.

"ఏమిటీ?"

"సీటు. నేనడిగాను. నెల పట్టింది అడగడానికే. ఏమన్నారో తెలుసా?" ఆమె ఛాతీ కొంచెం ముందుకు పెట్టి, గడ్డం ఎత్తింది. "'పదేళ్లుగా స్టీరింగు పట్టుకుంటున్నా...'"

"'...ఒక్క గీత పడిందా?'" సూదమ్మ నోటి నుంచి దానంతటదే వచ్చేసింది.

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. గేటు వెనక మాస్టరు దగ్గులాంటిది దగ్గాడు. డ్రైవరు కారు అద్దం మీద లేని మరక తుడవడం మొదలుపెట్టాడు.

"నా జీతంతో నేనే తెచ్చాను. పెళ్లికి ముందే తెచ్చి మా అమ్మ వాళ్ల దగ్గర పెట్టాను. ఈ పిల్ల కారెక్కుతుందంటే సీటు ఉండాలి అన్నాను, అంతే."

ఇన్నాళ్ల మంట ఒకటి సూదమ్మ గుండెల్లో చప్పున ఆరింది. అతను ఆవిడ మాటా వినలేదు! ఆ చల్లదనం అనుభవించేలోపే పక్కన ఇంకోటి రాజుకుంది. తను అడిగి ఊరుకుంది, ఆవిడ వెళ్లి తెచ్చింది. పైగా ఆ గీత మాట ఇన్నాళ్లూ తనకొక్కదానికే చెప్పాడనుకుంది. తిట్టుకోవడానికి దాచుకున్నదాన్ని కూడా పంచుకోవాలా?

"ఇలా చూడండి," అని కళ్లజోడు బెల్టు లాగి బిగించింది. "భుజం దగ్గర రెండు వేళ్లతో చిటికె పట్టాలి. పట్టీ మడతపడి వేళ్లకి దొరికితే వదులున్నట్టు. వేళ్లు జారిపోతే సరిపోయినట్టు." ఆమె వేళ్లు జారాయి.

"జరగండి," అంది సూదమ్మ. తను పట్టి చూసింది. జారాయి. ఇంకోసారి చూసింది. మూడోసారి కూడా. తర్వాత, సీటును వదిలి రావడానికి మనసొప్పక, రెండు చేతులతో దాన్ని అడుగున పట్టుకుని ఊపింది.

సీటు పక్కకు జరిగింది. రెండు అంగుళాల పైనే.

సూదమ్మ చూపు కిందికి పోయింది. పిల్లల సీటు కింద, కారు వెనక సీటుకు మీగడ రంగు కవరు, డైమండు కుట్టు, అంచుకు బంగారు దారం. ఆమె వేలితో నొక్కింది. వేలు మునిగింది.

"ఇది ఎవరు వేయించారు?"

"నేనే," అంది కళ్లజోడు, మొదటిసారి కొంచెం తడబడుతూ. "పెళ్లికి. కారు బాగా పాతగా ఉందని... ఏరికోరి..."

"ఎక్కడో చవక షెడ్డులో వేయించారు. లోపల అంగుళమున్నర స్పాంజి, కింద నున్నటి గుడ్డ." సూదమ్మ గొంతులో పనిమంతురాలి ధీమా వచ్చింది. "పిల్లని సీటుకి కట్టారు సరే. సీటుని దేనికి కట్టారు? స్పాంజికి. నాది రెండు పొరలు, మీది అంతకన్నా లావు. మీ పుస్తకంలో ఈ బొమ్మ లేదా?"

కళ్లజోడు పుస్తకం తిరగేసింది. పేజీలు గబగబా తిప్పుతుంటే కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. సూదమ్మ ఆ జారడాన్ని కళ్లారా చూసింది. ఎన్ని నెలలుగానో కరువైన తృప్తి.

"మాస్టారూ, కత్తెర!"

"వద్దు," అంది కళ్లజోడు. "విప్పొచ్చు. అంచున మరలే ఉన్నాయి." జేబులోంచి బుల్లి స్క్రూడ్రైవరు తీసింది.

అయిదు నిమిషాల తర్వాత ఆ వెనక సీటులో దృశ్యం ఇదీ. ఒక పక్క సూదమ్మ మోకాలు పిల్లల సీటులో మోపి, ఒళ్లంతా బరువేసి నొక్కుతోంది. అవతల కళ్లజోడు కారు బెల్టు పళ్లు బిగబట్టి లాగుతోంది. పిచ్చుక బయట మాస్టరు చెయ్యి పట్టుకుని "ఇంకా! ఇంకా!" అని అరుస్తోంది. పదేళ్లలో ఒక్క గీత పడని మనిషి నడిరోడ్డు మీద మీగడ రంగు కవరు రెండు చేతులా మోస్తూ నిలబడ్డాడు.

సూదమ్మ సీటు ఊపింది. కారు ఊగింది కానీ సీటు కదలలేదు.

పిల్లను కూర్చోబెట్టే ముందు ఆమె డ్రైవరు చేతిలోంచి ఆ కవరు తీసుకుంది. నాలుగు మడతలు పెట్టింది, అంచుకు అంచు కలిపి, బంగారు దారం పైకి వచ్చేలా. కళ్లజోడు చేతిలో పెట్టింది.

"చాలా బాగుంది," అంది.

కళ్లజోడు ఆ మడతల వైపు చూసింది, సూదమ్మ వైపు చూసింది. పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుందో, ఇంకేదైనానో, సూదమ్మ పట్టించుకోదలుచుకోలేదు.

"ఇక నుంచి శనివారం బెల్టు నేనే పెడతా. ఇక్కడ. ఆదివారం తిరిగొచ్చేటప్పుడు..." సూదమ్మ డ్రైవరును చూసి, చూపు తిప్పేసింది. "ఆదివారం మీరు పెట్టండి. ఆయన కాదు. పిల్ల ఏడిస్తే వదులు చేసేస్తాడు."

"చేస్తారు. రెండుసార్లు పట్టుకున్నాను."

"ఆ పుస్తకం వారం నా దగ్గర ఉంటుంది. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది, నెమ్మదిగా చదువుతా. మీకేమైనా తొందరా?"

"లేదండీ."

"ఇంకొకటి. మా తమ్ముడి స్కూటరు ఇక ఎక్కించను. అది నీతో చెప్తున్నా," అంది డ్రైవరుతో. అతను తలూపాడు. ఏదో అనబోయి, ఇద్దరి ముఖాలూ చూసి, కారెక్కాడు.

కారు కదిలింది. వెనక అద్దంలో పిచ్చుక చెయ్యి ఊపుతోంది. ఆ పక్కనే, పిల్లకు తోడుగా వెనక్కి మారి కూర్చున్న కళ్లజోడు తల. పిల్ల ఆవిడ వైపు తిరిగి ఏదో చెప్తోంది, నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తే సూదమ్మకు మళ్లీ అదే చోట చురుక్కుమంది. పోతుందనుకుంది కానీ, పోలేదు.

"స్పాంజి గురించి నేనేం చెప్పాను?" అన్నాడు మాస్టరు వెనక నుంచి.

"మీరు అందరికీ చెప్తారుగా మాస్టారూ. నాకు విడిగా చెప్పాల్సింది."

ఆమె లోపలికి పోయి పసుపు కవరు ఒళ్లో పెట్టుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. స్పాంజి ఒక పక్కకు, గుడ్డ ఒక పక్కకు. పిచ్చుక బొమ్మ ఉన్న ముక్కను మాత్రం కత్తిరించి విడిగా పెట్టింది, పిల్ల సంచికి కుట్టొచ్చని. ఆ సంచి ఇక్కడికీ అక్కడికీ తిరుగుతుంది. ఆవిడ ఇంట్లోనూ రెండు రోజులుంటుంది, కళ్లెదురుగా.